చిన్నాయన హెరాల్డు, గువ్వలచెరువు ఘాటు

మా చిన్నాయన లెక్క ప్రకారం ఎనభైల్లో కడప జిల్లా మొత్తానికి ఒకటే స్పోర్ట్స్ కారు ఉండేది, అది ఆయనదే. మిగతా ఊరి లెక్కలో అది ఒక పాత స్టాండర్డ్ హెరాల్డు. 1965 మోడల్, రెండు తలుపులు, 948 సీసీ ఇంజను, అన్నీ సరిగ్గా ఉంటే ముప్పై అయిదు గుర్రాల దాకా బలం. ఈ రెండు లెక్కల మధ్య తేడాను పూడ్చడానికే ఆయన లెక్చరరు జీతంలో సగం పోయిందని మా చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ మాటకు చిన్నాయన ఎదురు చెప్పగా నేను వినలేదు.

ఆయన మాట పూర్తిగా గాలి మాటేం కాదు. హెరాల్డును ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు 1959లో తెచ్చారు. డిజైన్ ఇటలీకి చెందిన మికెలోటిది. రెండేళ్ళకు, 1961లో, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టారు. 1962లో ట్రయంఫ్ వాళ్ళే హెరాల్డు ఛాసిస్ (బాడీ కింది చట్రం) ఆధారంగా ఇంకా పొట్టిదొకటి చేసి, అదే తరహా సస్పెన్షన్ పెట్టి, అదే మికెలోటి చేత రెండు సీట్ల ఓపెన్ బాడీ గీయించి స్పిట్‌ఫైర్ అని అమ్మారు. ఇంజను కూడా అదే వంశం. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, అదే 76 మిల్లీమీటర్లు. బోరు, అంటే సిలిండరు వెడల్పు, మాత్రం 63 నుంచి 69.3కు పెంచారు. అట్లా 1147 సీసీ అయింది. దానికి రెండు కార్బురేటర్లు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపేవి, పెట్టేసరికి 63 గుర్రాలు. "స్పిట్‌ఫైరు దీని సొంత తమ్ముడబ్బీ. తమ్ముడు చేసే పని అన్న చేయలేడా?" అనేవాడు. ఫిజిక్స్ చెప్పే మనిషి నోట ఈ రకం తర్కం ఎట్లా వచ్చేదో నాకు తెలియదు.

ఈ పిచ్చి ఆయనకు డెబ్బైల్లో మద్రాసులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు పట్టింది. అప్పట్లో షోలవరంలో, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు రేసులు పెట్టేవాళ్ళు. ఫియట్లు, హెరాల్డులు సైలెన్సర్లు పీకేసి ఉరికేవట. హాస్టల్ మెస్సు బిల్లు ఎగ్గొట్టి పోయి చూసినానని చెప్పేవాడు. ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, కొడుకు పుట్టినాక మద్రాసులోనే ఒక రిటైర్డ్ ఆఫీసరు దగ్గర ఈ కారు కొన్నాడు. రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా తనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడు. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు.

పిల్లలకు అందులో నచ్చింది బానెట్టు. అంబాసిడర్‌కు, ఫియట్‌కు పైన రేకు ఒక్కటే లేస్తుంది. హెరాల్డుకు అట్లా కాదు. లైట్లు, రెండు మడ్‌గార్డులు అన్నీ కలిపి కారు ముందు భాగం మొత్తం ముందుకు వంగిపోతుంది. లోపల ఇంజను, స్టీరింగు, ముందు చక్రాలు అన్నీ బయటపడతాయి. మెకానిక్కు టైరు మీద కూర్చుని దర్జాగా పని చేసుకోవచ్చు. నేనూ ఆ రెండో టైరు మీద కూర్చుని స్పానర్లు అందిస్తూనే పెరిగాను. ఇప్పటి కార్లలో బానెట్టు ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత ఒకటి కనపడుతుంది. దాన్ని చూసి ఏ పిల్లోడు మెకానిక్కు అవుతాడు?

మా మేస్త్రీ షెడ్డు పాత బస్టాండు వెనక సందులో ఉండేది. కింద కడప బండలు పరిచి ఉండేవి. వాటి మీద ఆయిలు కారితే రంపప్పొట్టు చల్లి ఊడ్చేవాళ్ళు. సాయిబు గారు, మేమంతా మామా అని పిలిచేవాళ్ళం. ఆయన చిన్నాయనను సారూ అనేవాడు, మమ్మల్ని అబ్బీ అనేవాడు. చిన్నాయన మొదటిరోజే రెండు కార్బురేటర్ల సంగతి ఎత్తితే మామ పని ఆపకుండానే అన్నాడట: "ముందు ఇది నిలబడేది చూడాల సారూ. ఉరికేది తర్వాత."

అట్లా మొదటి ఏడాదంతా నిలబడే పనే నడిచింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. షూలకు లైనింగు కొట్టించడం, వీల్ సిలిండర్లకు కిట్లు మార్చడం, తుప్పు పట్టిన బ్రేకు పైపులు పీకి కొత్తవి వంచి వేయడం. ఒక్క గుర్రం బలం పెరగలేదు, డబ్బు మాత్రం పోతూనే ఉంది. చిన్నాయన విసుక్కున్నాడు కానీ నాకు ఇప్పుడు ఆ మామ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. పాత కారు కొనగానే సైలెన్సరు మార్చే కుర్రాళ్ళను చూస్తే ఆయన మాటే గుర్తొస్తుంది.

ట్రన్నియన్ గొడవ ఆ ఏడాదే జరిగింది. హెరాల్డు ముందు చక్రం నిలువు కడ్డీ అడుగున మరలు ఉంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి రంగు దిమ్మెలోకి దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతాయి. ఆ దిమ్మెనే ట్రన్నియన్ అంటారు. మామూలుగా కార్ల అడుగున ఎక్కడ గ్రీజు ఎక్కించే నిప్పిల్ కనపడితే అక్కడ గ్రీజు కొట్టడం మన షెడ్లలో అలవాటు. మామ కూడా అదే చేయబోయాడు. చిన్నాయన దగ్గర ఇంగ్లీషు మాన్యువల్ ఉండేది. దాంట్లో ఆ ఒక్కచోట మాత్రం గ్రీజు వద్దు, గేరు ఆయిలే వేయమని రాసి ఉంది. గ్రీజైతే గట్టిపడి మరల సందుల్లోకి దిగదు. లోపల ఎండిపోయి, నీళ్ళు చేరి, తుప్పు పట్టి, ఒకరోజు కడ్డీ తెగుతుంది. చక్రం లోపలికి మడుచుకుని కారు ముక్కు నేలకు తగులుతుంది.

మామ నమ్మలేదు. "ఆయిలు పోస్తే కారిపోతుంది కదా సారూ" అన్నాడు. కారాలి కూడా, కారితేనే లోపలికి పోయినట్టు అని చిన్నాయన వాదించాడు. కొన్నాళ్ళకు ఒక డాక్టరు గారి హెరాల్డు తాళ్ళతో కట్టి లారీలో షెడ్డుకు వచ్చింది. ఇంటి గేటులో మలుపు తిప్పుతుంటే కుడి చక్రం పడుకుందట. మామ ఆ తెగిన కడ్డీని కిరసనాయిల్లో కడిగి, వెలుతురుకు పెట్టి, మరల మధ్య రాయిలా గట్టిపడిన గ్రీజును గోటితో గీకి చూశాడు. ఏం మాట్లాడలేదు. గోడకున్న పాత గ్రీజు గన్ను ఒకటి తీసి, లోపలంతా తుడిచి, తొంభై నంబరు ఆయిలు పోసి, దాని మీద తెల్ల పెయింటుతో హెచ్ అని రాసి పెట్టాడు. దాన్ని ఇంకో బండికి వాడనిచ్చేవాడు కాదు.

ఆ తర్వాతే కార్బురేటర్ల ముచ్చట మొదలైంది. స్పిట్‌ఫైర్‌కు ఉండేవి ఎస్‌యూ అనే రకం కార్బురేటర్లు. అంబాసిడర్‌కూ ఎస్‌యూ రకమే కాబట్టి వాటికి కరువు లేదు. చిన్నాయన మద్రాసు పోయి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో బేరం కుదరక, పుదుపేట పాత సామాన్ల అంగళ్ళలో రెండు ఏరుకొచ్చాడు. వాటిని ఇంజనుకు బిగించే గొట్టాల జోడు, మ్యానిఫోల్డ్, మాత్రం ఎక్కడా దొరకదు. లేతు పనివాడు ఇనుప పైపులు కోసి, వంచి, అతికించి ఒకటి చేసిచ్చాడు. చూడ్డానికి బోరింగు పంపు చెడిపోయినట్టు ఉండేది కానీ పని చేసింది.

రెండు కార్బురేటర్లు పెట్టడం కష్టం కాదు, రెండింటినీ ఒక మాట మీదకు తేవడమే కష్టం. ఆ పని ఆదివారం పొద్దున జరిగేది. ఇంజను వేడెక్కినాక మామ అడుగున్నర రబ్బరు పైపు తీసి, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ముందు కార్బురేటరు మూతి దగ్గర పట్టేవాడు. గాలి లోపలికి పోయే బుస వినపడుతుంది. తర్వాత వెనకదాని దగ్గర పట్టేవాడు. బుస రెండింటిలో ఒకే తీరుగా వచ్చేదాకా స్క్రూ తిప్పడమే. అది అయినాక మిక్చరు, అంటే గాలిలో పెట్రోలు పాలు. కార్బురేటరులో పిస్టన్ ఉంటుంది కదా, దాన్ని సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి పైకి లేపాలి. ఇంజను వేగం పెరిగి పెరిగినట్టే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొంచెం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరి. అడుగున ఆరు పలకల నట్టును ఒక్కొక్క పలక చొప్పున తిప్పుతూ పోవాలి. చివరికి ప్లగ్గులు ఊడదీసి మొన చూడాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, గోధుమ రంగుంటే ఆ పూటకు అన్నం తినొచ్చు.

నాకూ ఆ పైపు చెవిలో పెట్టేవాడు. "ఏం చెప్తాంది అబ్బీ?" అని అడిగేవాడు. మొదట్లో నాకు రెండూ ఒకటే మోత. పోనుపోను తేడా తెలిసింది. అది తెలిసిన రోజు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అంత గర్వం.

కడప ఎండలకు ఇంకో తిప్పలు. ఆ ఇంజనుకు పెట్రోలు లోపలికి పోయే దారి, పొగ బయటికి పోయే దారి రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ల కిందనే సైలెన్సరు పైపు కాగిపోతుంటుంది. మేనెలలో మధ్యాహ్నం కోటిరెడ్డి సర్కిల్లో కాసేపు నిలబడితే చాలు, పెట్రోలు ఆవిరై బండి మొరాయించేది. చిన్నమ్మ వెనక సీట్లో నుంచి "దిగి నూకమంటారా?" అనేది. డిక్కీలో ఎప్పుడూ ఒక గోనెపట్ట, నీళ్ళ క్యాను. పట్ట తడిపి పెట్రోలు పంపు మీద కప్పి పావుగంట నీడలో నిలబడితే మళ్ళీ స్టార్టయ్యేది. తర్వాత నూనె డబ్బా రేకు కోసి, ఆస్‌బెస్టాస్ ముక్క అంటించి, కార్బురేటర్లకూ పైపుకూ మధ్య అడ్డం పెట్టారు. దాంతో తొంభై శాతం పీడ వదిలింది. ఇప్పుడైతే ఆస్‌బెస్టాస్‌ను అట్లా ముట్టుకోకూడదు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అప్పుడు దాన్ని ఒట్టి చేతులతో చింపేవాళ్ళు.

కంప్రెషన్ పెంచాలని, అంటే మిక్చరు ఇంకా గట్టిగా నొక్కుకోవాలని, సిలిండరు హెడ్డు అడుగు కూడా కొంచెం అరగదీయించారు. అప్పటి మామూలు పెట్రోలుకు అది ఎక్కువైంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను లోపల టకటకా నాకింగ్ కొట్టేది. హెడ్డు కింద మందం గ్యాస్కెట్టు వేసి వెనక్కి తగ్గారు. ఆ అధ్యాయం అంతే.

ఇంజను సంగతి ఎట్లున్నా అసలు కథ వెనక చక్రాలది. గువ్వలచెరువు ఘాటు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు ఒక మాట. కడప నుంచి రాయచోటి పోయే దారిలో పాలకొండలు దాటే మలుపుల రోడ్డది. ఘాటు దాటితే గువ్వలచెరువు ఊరు, రోడ్డుకు అటూ ఇటూ పాలకోవ అంగళ్ళు. చిన్నాయన షోలవరం అదే. ఎక్కేటప్పుడు లారీల వెనక దేకాల్సిందే కానీ దిగేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

హెరాల్డు వెనక యాక్సిల్ ఒకే కడ్డీ కాదు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని నుంచి రెండు పక్కలా సగం సగం షాఫ్టులు పైకీ కిందకీ ఊగుతాయి. కీలు లోపలి కొసకే ఉంటుంది. మలుపులో వేగంగా పోతూ భయపడి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశారనుకోండి, బరువంతా ముందుకు పోయి తోక పైకి లేస్తుంది. లేవగానే బయటి వైపు చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది. టైరు అంచు ఒక్కటే రోడ్డుకు ఆనుతుంది. తోక పక్కకు జారుతుంది. ఇంగ్లండులోనూ ఈ కారుకు ఇదే చెడ్డ పేరు. చిన్నాయన దీన్ని మాకు కాలి చెప్పు నేల మీద వాల్చి మరీ చూపించాడు. చూపించాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, ఒకసారి ఘాటు దిగుతూ పిట్టగోడకు జానెడు దూరంలో ఆగినాడు. ఒక్కడే ఉన్నాడు కాబట్టి ఆ సంగతి చిన్నమ్మకు తెలిసింది చాలా ఏళ్ళకు.

దీనికి ఆయన కనిపెట్టిన మొదటి మందు మేము. వెనక సీట్లో బరువుంటే కారు తోక కిందకు దిగుతుంది. చక్రాల అడుగులు బయటికి, తలలు లోపలికి వాలతాయి. ముడుచుకునే గుణం తగ్గుతుంది. కాబట్టి ఘాటుకు పోవాలంటే ఆయనకు వెనక పిల్లకాయలు కావాలి. మా అత్త కొడుకు కొంచెం లావు, వాడికి ఎప్పుడూ మొదటి చోటు. నేను సన్నం, నా ఒళ్ళో బియ్యం సంచి పెట్టేవాడు. "పిల్లోళ్ళకు పాలకోవ తినిపించుకొస్తా" అని ఇంట్లో చెప్పేవాడు. పిల్లల మీద ఎంత ప్రేమో అని మా జేజి మురిసిపోయేది. పాలకోవ మాత్రం నిజంగానే తినిపించేవాడు, ఆకులో వేడివేడిగా.

అసలు వైద్యం తర్వాత జరిగింది. వెనక స్ప్రింగు అడ్డంగా ఒకటే, కమాన్ కట్ట, డిఫరెన్షియల్ మీద బిగించి ఉంటుంది. దాన్ని ఊడదీసి లారీల కమాన్ పట్టీలు కొట్టేవాడి దగ్గరకు తీసుకుపోయారు. వంపు తగ్గించాలి అనేసరికి అతను నవ్వాడు. "అందరూ ఎత్తు లేపమంటారు. మీరేంది సారూ, కుంగదీయమంటారు?" కొలిమిలో పెట్టబోతే మామ ఆపాడు. వేడి చేస్తే టెంపరు పోతుంది, చల్లగానే కొట్టాలి. ఒక్కో పట్టీని దిమ్మె మీద పెట్టి, సుత్తి దెబ్బ దెబ్బకూ తాడు పట్టి కొలుస్తూ, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా పట్టింది. మళ్ళీ బిగించినాక కారు తోక అంగుళం పైన దిగింది. చక్రాలు కొంచెం లోపలికి వాలి నిలబడ్డాయి.

నా మట్టుకు ఆ కారుకు చేసిన మార్పులన్నిట్లో పనికొచ్చింది అదే. రెండు కార్బురేటర్లు మోతకు, కమాన్ కట్ట ప్రాణానికి. కాకపోతే ఊళ్ళో పోతుంటే ప్రతివాడూ ఆపేవాడు. "సారూ, వెనక చక్రాలు వంకర పోయినాయి, బేరింగు చూపించుకోండి" అని. ఒక ట్రాఫిక్ కానిస్టేబులైతే వంగి చూసి దండం పెట్టినంత పని చేశాడు. టైర్లు లోపలి అంచున తొందరగా అరిగేవి. మా బరువు అవసరం ఇక లేకపోయింది, అయినా పాలకోవ మాత్రం ఆపలేదు.

తర్వాతి ఏళ్ళు బతికించుకోవడంతోనే సరిపోయాయి. ఎనభైల చివర్లో స్టాండర్డ్ ఫ్యాక్టరీ మూతపడి సామాన్లు దొరకడం తగ్గింది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చేసరికి వాల్వు సీట్లు తొందరగా అరుగుతాయని గట్టి ఉక్కు రింగులు దిగేయించారు. మరుసటి ఏడు అక్టోబరులో కడపలో పారే బుగ్గవంక ఏరు పొంగినప్పుడు కారు సీట్ల దాకా బురదనీళ్ళలో నానింది. ఎవరో కుర్రాడు తాళం తిప్పబోతే మామ చెయ్యి పట్టుకుని లాగాడు. ప్లగ్గులన్నీ తీసి, సిలిండర్లలోకి ఆయిలు పోసి, ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్ళన్నీ మార్చి, చేత్తో తిప్పి చూసినాకే బ్యాటరీ తగిలించాడు. బాడీ పెద్దగా చెడలేదు. మా ఎండ పెట్రోలును మరిగిస్తే మరిగించింది గానీ రేకును మాత్రం కాపాడింది.

ఇప్పుడు చిన్నాయనకు డెబ్బై దాటాయి. మామ షెడ్డులో ఆయన కొడుకు కంప్యూటరు పెట్టుకుని కొత్త కార్లు చూస్తున్నాడు, హెచ్ రాసిన గన్ను మాత్రం ఇంకా గోడకే ఉంది. చిన్నాయన కొడుకు, మా తమ్ముడు, బెంగళూరులో ఉంటాడు. ఇంగ్లండులో హెరాల్డు, స్పిట్‌ఫైర్ సామాన్లు ఇంకా తయారు చేసి అమ్ముతున్నారు కాబట్టి ట్రన్నియన్లు వాడే తెప్పించాడు. పుదుపేటలో ఏరుకున్న మనిషికి ఇంటి గుమ్మంలో పార్శిల్ చూసి నమ్మకం కుదరక, కొత్త దిమ్మెను పాతదాని పక్కన పెట్టి కొలుచుకున్నాడు.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు కొత్త రూలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటిన బండికి విడిగా వీఏ అక్షరాలున్న నంబరు, ఇరవై వేలు ఫీజు, పదేళ్ళ గడువు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. తమ్ముడు ఉత్సాహంగా కడప వచ్చి ఫోను తీసి ఒక్కొక్కటే చదివి వినిపించాడు. రెండు కార్బురేటర్లు తీసి పాతది పెట్టాలి నాయనా, అన్నాడు. పెడదాం అన్నాడు చిన్నాయన. సైలెన్సరు మార్చాలి. మారుద్దాం. నాకే ఆశ్చర్యం వేసింది. ఇంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. తమ్ముడు ఇంకా చదివాడు. ఆ నంబరుంటే రోజూ తిప్పుకోవడానికి లేదు. ఎగ్జిబిషన్లకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు, అంతే.

"గువ్వలచెరువుకు పోకూడదా?"

"రిపేరుకైతే పోవచ్చు నాయనా."

"పాలకోవకు?"

"దాని గురించి ఏం రాయలేదు."

"అయితే ఆ నంబరు మనకొద్దు లేబ్బీ."

పాత నంబరు మీదే రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించారు. కార్బురేటర్లు రెండూ అట్లే ఉన్నాయి. మొన్న సంక్రాంతికి పోతే ముందుది గాలి ఎక్కువ లాగుతోందని చిన్నాయన గొణుగుతున్నాడు. రబ్బరు పైపు ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు, వాటర్ ఫిల్టరు పైపు ముక్క కోసుకుని కూర్చున్నాం. చిన్నమ్మ వంటింట్లో నుంచి అరుస్తూనే ఉంది, ఫిల్టరు నీళ్ళు రావడం లేదని.